స్ప్రైట్ షీట్ నుంచి బొమ్మలను విడదీయడం ఎలా?

గేమ్‌లో నడిచే మనిషి ఒకే బొమ్మ కాదు. అడుగుకొకటి చొప్పున గీసిన బొమ్మలన్నీ ఒక పెద్ద ఇమేజ్‌లో వరసలుగా పేర్చి ఉంటాయి. అదే స్ప్రైట్ షీట్. అందులోంచి ఫ్రేములు తీసే టూల్స్ చాలా ఉన్నాయి. ఏది తెరిచినా ముందు తెలియాల్సింది మాత్రం గడి కొలత, అంటే ఒక్కో బొమ్మకు షీట్‌లో ఇచ్చిన చోటు ఎంతన్నది. అది సరిగ్గా పట్టుకుంటే మిగతా పని ఐదు నిమిషాలే.

నేర్చుకోవడానికి 2012 నాటి లిబరేటెడ్ పిక్సెల్ కప్ పోటీతో మొదలైన ఎల్‌పీసీ పాత్రల షీట్ తీసుకోండి. ఉచితంగా దొరుకుతుంది, గీత కూడా చక్కగా ఉంటుంది. అందులో బాగా వాడుకలో ఉన్న ఒక షీట్ వెడల్పు 832 పిక్సెళ్లు, ఎత్తు 1344. ఒక్కో గడి 64 పిక్సెళ్ల చదరం. భాగించి చూడండి: అడ్డంగా 13 గడులు, నిలువుగా 21 వరసలు, శేషం లేదు. శేషం మిగిలిందంటే మీరనుకున్న కొలత తప్పయినా కావాలి, గడుల మధ్య ఖాళీ అయినా ఉండాలి. అనుమానంగా ఉంటే ఇమేజ్ ఎడిటర్ గింప్‌లో గ్రిడ్ కొలత 64 అని పెట్టి, గ్రిడ్ కనిపించేలా చేసి చూడండి. ఏ గీతా బొమ్మను కోయకూడదు.

ఇక కోత. ముందు షీట్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి. కోయడానికి పిక్సెల్ బొమ్మలు గీసే టూల్ ఒకటి కావాలి. ఏస్‌ప్రైట్ డబ్బు పెట్టి కొనాలి, దాని పాత కోడ్ నుంచి పుట్టిన లిబ్రేస్ప్రైట్ ఉచితం. రెంటిలో ఒకటి తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ స్ప్రైట్ షీట్ నొక్కండి. మనవైపు నడిచి వచ్చే బొమ్మలు 11వ వరసలో ఉంటాయి. దాని పైన పది వరసలు, అంటే 640 పిక్సెళ్లు. కాబట్టి రకం దగ్గర హారిజాంటల్ స్ట్రిప్, ఎక్స్ 0, వై 640, వెడల్పు ఎత్తు 64 ఇచ్చి ఇంపోర్ట్ చేయండి. 13 ఫ్రేములు వస్తాయి. చివరి నాలుగూ ఖాళీ, తీసేయండి. మొదటిది నిలబడి ఉన్న బొమ్మ, దాన్ని విడిగా ఉంచండి. నడక మిగిలిన ఎనిమిదిలోనే ఉంది. ఎంటర్ నొక్కి ఆడించి చూసి, పీఎన్‌జీగా సేవ్ చేస్తే ఫ్రేమ్‌కొక ఫైల్ వస్తుంది. జేపెగ్ మాత్రం వద్దు, పారదర్శకత పోతుంది, అంచులు మసకబారతాయి.

చాలామంది ఇబ్బంది పడేది ఆటోమేటిక్ కోత దగ్గరే. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని బట్టి టూలే పెట్టెలు గీస్తుంది. చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ కాలు చాపిన ఫ్రేమ్ పెట్టె వెడల్పుగా, కాళ్లు దగ్గరగా ఉన్న ఫ్రేమ్ పెట్టె సన్నగా వస్తుంది. వాటిని మధ్యకు సర్ది ఆడిస్తే మనిషి అటూ ఇటూ ఊగుతాడు. నా మొదటి గేమ్‌లో ఇదే జరిగింది. తప్పు కోడ్‌లో ఉందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఒంటికి తగలకుండా ఉన్న కత్తి కూడా వేరే బొమ్మగా తెగిపోతుంది. అందుకే కదిలే పాత్రలకు ఎప్పుడూ గడి కొలతతోనే కోయండి, చుట్టూ ఖాళీని అలాగే వదిలేయండి. గేమ్ ఇంజన్ యూనిటీలోని స్ప్రైట్ ఎడిటర్‌లో అయితే స్లైస్ కింద గ్రిడ్ బై సెల్ సైజ్ ఎంచుకోండి. నాణేలు, చెట్ల లాంటి కదలని వాటికి ఆటోమేటిక్ బాగానే పనికొస్తుంది.

గోడో అనే గేమ్ ఇంజన్ వాడేవారికి విడి ఫైళ్లే అక్కర్లేదు. యానిమేటెడ్‌స్ప్రైట్‌2డీ నోడ్‌కి స్ప్రైట్‌ఫ్రేమ్స్ ఇచ్చి, కింది ప్యానెల్‌లో షీట్ నుంచి ఫ్రేములు చేర్చే గుర్తు నొక్కి, అడ్డంగా 13, నిలువుగా 21 అని చెప్పి, కావాల్సిన గడులు ఎంచుకుంటే చాలు.

కొన్ని షీట్లలో గడులే ఉండవు, బొమ్మలు ఇరుకుగా సర్ది ఉంటాయి. గేమ్ బొమ్మలు ఉచితంగా ఇచ్చే కెన్నీ ప్యాక్‌లలో ఇలాంటివి చూడొచ్చు. వాటితో పాటు వచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ప్రతి బొమ్మ పేరు, చోటు, కొలత రాసి ఉంటాయి. దాన్ని చదవగల టూల్‌నే వాడండి, చేత్తో కోయకండి.

కెన్నీ బొమ్మలకు పేరు చెప్పాలన్న నియమం లేదు. ఎల్‌పీసీ బొమ్మలకు మాత్రం గీసినవాళ్ల పేర్లు తప్పకుండా ఇవ్వాలి. విడదీసిన ఫైళ్లు పెట్టిన ఫోల్డర్‌లోనే క్రెడిట్స్ ఫైల్ కూడా కాపీ చేసి ఉంచండి.