సిరిమాను అయ్యాక కొండలకు వెళ్తున్నారా? తలనొప్పి దాచకండి

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసుకొని, ఆ వారంలోనే విజయనగరం స్టేషన్లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళ్లే కుర్రాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బాగా పెరిగారు. సంతోషమే. కానీ పోయిన సీజన్‌లో మా పక్క ఊరి కుర్రాణ్ణి కంచరగాడిద మీద కూర్చోబెట్టి, ఇద్దరు చెరో పక్క పట్టుకొని కిందికి దింపాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. బతికాడు. ఈసారి వెళ్లేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చూస్తే ఏ షూ కొనాలి, జాకెట్ ఎక్కడ అద్దెకిస్తారు అనే చర్చే తప్ప ఇంకోటి లేదు. అందుకే రాస్తున్నాను. షూలూ జాకెట్లూ టార్చీల గురించి చెప్పను, అవి ట్రెక్ నడిపేవాళ్లు పంపే లిస్టులో ఉంటాయి.

బయల్దేరే ముందు

శ్రీకాకుళంలో తెల్లారకముందే ఆర్మీ సెలక్షన్లకు పరుగు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లకు ముందుగా ఒక మాట. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మీ దమ్ము చూసి వదిలిపెట్టదు. నిజానికి దమ్మున్నవాడికే ముప్పు ఎక్కువ. ఒళ్లు అలవాటు పడేలోపే గబగబా ఎక్కేస్తాడు కాబట్టి. ‘మహేంద్రగిరి ఎక్కాం కదన్నా’ అంటారు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఈ జబ్బు మొదలయ్యేదే సుమారు 2,500 మీటర్లు దాటాక. మీరు వెళ్లే హిమాలయ ట్రెక్కుల్లో కేదార్‌కంఠ 3,800, హంప్టా పాస్ 4,270, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం మన కళింగపట్నం బీచిలో ఉన్నదాంట్లో సగమే, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా సగమే. మన కొండలు కాళ్లకు ప్రాక్టీసు, ఊపిరికి కాదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద తెలిసిన డాక్టరు చేత సంతకం పెట్టించుకొని వచ్చేయకండి. బీపీ, షుగర్, గుండె సంగతి ఆయనే చూస్తారు. మన ప్రాంతం వాళ్లు రెండు విషయాలు నోరు తెరిచి అడగాలి. ఒకటి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ కుటుంబాల్లో ఇది ఉంది. జబ్బు లేకపోయినా ఆ జన్యువు మోస్తున్నవాళ్లకు కింద ఏ ఇబ్బందీ తెలియదు, పైకి వెళ్లాక మాత్రం ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎడమ డొక్కలో పోటు వస్తే గ్యాస్ అనుకొని ఊరుకోవద్దు. ఆ జన్యువు ఉందో లేదో రక్తపరీక్షలో తేలిపోతుంది.

రెండోది కిడ్నీ. ఉద్దానం వాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి వెళ్లేవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోకుండా రైలెక్కొద్దు. కొండ మీద నీళ్లు సరిగా తాగక, ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ మింగితే నేరుగా కిడ్నీకే దెబ్బ. ఎత్తు జబ్బు రాకుండా వేసుకోమని అందరూ చెప్పుకునే డయామాక్స్ మాత్ర కూడా కిడ్నీ బాగాలేనివాళ్లకు పడదు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. డాక్టరు రాసిస్తే ఇంటి దగ్గరే ఒకసారి వేసుకొని చూడండి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, అది మామూలే. సాధారణంగా ఎక్కడం మొదలుపెట్టడానికి ముందురోజు నుంచి వేసుకోమంటారు. ఒళ్లు అలవాటు పడటానికి సాయం చేసే మందు అది. వేసుకున్నాం కదా అని నడక పెంచితే దాని ప్రయోజనం అక్కడితో సరి.

ఏ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు

టూర్ ప్లాన్ చేతికి రాగానే చూడాల్సింది ఏ రోజు ఎన్ని కిలోమీటర్లని కాదు, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నారని. 3,000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటికంటే ఈ రోజు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రాత్రి అదే ఎత్తులో ఆగాలి. ప్లాన్ దీనికి కుదరకపోతే డబ్బు కట్టొద్దు. విశాఖలో విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా లేహ్ వెళ్లేవాళ్లు మర్నాటికే 3,500 మీటర్లలో ఉంటారు. అక్కడ మొదటి రెండు రోజులు తిరగొద్దు, గదిలో ఉండండి.

తిరుగు టికెట్‌కు ఒక రోజు అదనంగా ఉంచుకోండి. ఆ ఒక్కరోజు లేకపోవడమే చాలామందిని ఒళ్లు బాగోకపోయినా పైకి తోస్తుంది.

అసలు సంగతి

కంచరగాడిద మీద దింపిన ఆ పక్క ఊరి కుర్రాడు 1600 మీటర్ల పరుగులో తన బ్యాచ్‌లో అందరికంటే ముందుండేవాడు. రెండో క్యాంపులోనే తల పట్టేసింది. రాత్రి భోజనాల టెంటులో పప్పన్నం వేళ్లతో కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద నోటి దాకా పోలేదు. పక్కవాడు అడిగితే, ‘ఏటీ నేదు బావా, రైల్లో నిద్దర్లేదు, అంతే’ అన్నాడు. ఆక్సిమీటర్ తన దగ్గరికి వచ్చేసరికి వేలు చంకలో పెట్టి వేడి చేసుకొని, నాలుగైదుసార్లు గట్టిగా ఊపిరి పీల్చాడు. అంకె బాగానే వచ్చింది. ఇదంతా తర్వాత తనే చెప్పాడు. మర్నాడు పైకెక్కాడు. ఆ రాత్రి శిఖరానికి బయల్దేరే వేళకు కూర్చున్నచోటే ఆయాసం, దగ్గితే గొంతులో గురగుర.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. సెలవు మళ్లీ దొరకదు, కట్టిన డబ్బు వెనక్కి రాదు, నా వల్ల గ్రూపు ఆగిపోతుందేమో, ఊళ్లో నవ్వుతారేమో. పైన ఇబ్బంది పడ్డవాళ్ల సంగతి కదిపి చూడండి. ప్రతిసారీ కథ ఇక్కడే మొదలవుతుంది. జారిపడి పోయేవాళ్లు లేకపోలేదు. కానీ నేను చూసినంతలో మనుషుల్ని ఆసుపత్రి పాలు చేసింది దాచిన తలనొప్పే.

ఎత్తులో తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లే వచ్చిందనుకోండి, కాదని తేలేదాకా. కొత్త ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది, అందుకే సాయంత్రమో రాత్రో పట్టుకుంటుంది. దాంతోపాటు వికారం, అన్నం సయించకపోవడం, తల తిరగడం ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. గైడుకు చెప్పండి. ఆ ఎత్తులోనే ఆగండి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ మాత్రతో నొప్పి అణిగిందని పైకి నడవకండి. పూర్తిగా తగ్గేదాకా ఒక్క అడుగు కూడా పైకి వద్దు. తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగిపోవడమే.

రెండు గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగ కళ్లె వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా మెదడు వాస్తోంది. అనుమానమొస్తే నేల మీద తాడు పరిచి, మడమకు బొటనవేలు ఆనించి దాని మీద నడవమనండి. తాగినవాడిలా పక్కకు పడితే అప్పటికప్పుడు దింపాలి, ఆక్సిజన్ ఉంటే పెట్టి. కనీసం 300 మీటర్లు, వీలైతే 1,000. చాలామందికి ఆ కాస్త దిగితేనే తేడా తెలుస్తుంది. సిలిండర్ ఉంది కదా అని దింపడం వాయిదా వేయొద్దు. తోడు లేకుండా ఒక్కణ్ణే పంపొద్దు.

మన తుఫానే అక్కడ మంచు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి మన జిల్లాల్లో కరెంటు స్తంభాల్నీ చెట్లనీ ఎలా కూల్చిందో మనకు తెలుసు. అది అక్కడితో ఆగలేదు. బలహీనపడి ఉత్తరానికి పోయి, 14వ తేదీకి నేపాల్‌లో అన్నపూర్ణ వైపు మంచు తుఫానైంది. థోరంగ్ లా కనుమ దగ్గరా, ఆ వైపు మిగతా కొండల్లోనూ కలిపి 40 మందికి పైగా చనిపోయారు. దసరా నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వింటే మనం ఇంటి పైకప్పు చూసుకుంటాం. ట్రెక్‌లో ఉన్నవాడు కూడా అదే వార్త వినాలి. కనుమ దాటే రోజుకు ముందు ఇంటికి ఫోన్ కలిస్తే, ‘తుఫాను కబురేమైనా ఉందా అమ్మా’ అని అడగండి.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ ట్రెక్‌కు వెళ్లిన కర్ణాటక బృందంలో 22 మందికి 9 మంది వాతావరణం తిరగబడి చనిపోయారు. అది జూన్ నెల. ఎండాకాలమని నమ్మకండి.

ఇక వరుసగా చెప్తాను, కారణాలు అడక్కండి.

మధ్యాహ్నంలోపు క్యాంపు చేరండి.

మంచు కరిగి పారే గెడ్డల్ని పొద్దున్నే దాటండి, మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది.

టెంటులో స్టవ్ వెలిగించొద్దు. బొగ్గు కుంపటి కూడా వద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పడుకున్నవాళ్లు లేవరు.

కాటన్ బనీను తడిసిందా, అక్కడే మార్చుకోండి. సిగ్గు తర్వాత.

వణికి వణికి ఒక్కసారిగా వణుకు ఆగిన మనిషి కోలుకున్నాడనుకోవద్దు, చల్లబడిపోతున్నాడు. తడి బట్టలు తీసి, పొడివి వేసి, కప్పండి. చేతులూ కాళ్లూ రుద్దొద్దు.

గాడిదలు ఎదురొస్తే కొండ వైపు నిలబడండి. లోయ వైపు కాదు.

మద్యం ముట్టొద్దు. నిద్రమాత్ర వద్దు.

మంచు మీద నల్లద్దాలు తీయొద్దు, ఫొటోకి కూడా.

అనుమతి లేని శాటిలైట్ ఫోన్ పట్టుకెళ్లొద్దు. మన దేశంలో అది నేరం.

ఆక్సిమీటర్ దగ్గర మోసం చెయ్యొద్దు.

గైడు దిగమంటే దిగాలి. డబ్బు కట్టానని వాదించొద్దు. గైడే ఎక్కమని తొందరపెట్టినా, తల నొప్పిగా ఉంటే ఎక్కొద్దు.

ఒంట్లో బాగోలేనివాణ్ణి టెంటులో ఒంటరిగా పడుకోబెట్టొద్దు. రాత్రి రెండు మూడు సార్లు లేపి పేరు, ఊరు అడగండి.

శిఖరం రోజు పొద్దున టెంట్లన్నీ తిరిగి ఒక్కొక్కరినీ ‘తల నొప్పిగా ఉందా’ అని అడిగే బాధ్యత గ్రూపులో ఎవరో ఒకరికి ముందే అప్పగించండి. వయసులో పెద్దవాడైతే మంచిది. ‘ఏటీ నేదు’ అన్నవాణ్ణి తాడు మీద నడిపించి చూశాకే బయల్దేరనివ్వండి.