చిన్న వ్యాపారానికి ప్రభుత్వ సబ్సిడీ: పథకం కంటే ముందు బ్యాంకు

"గానుగ నూనె మిల్లు పెడదామనుకుంటున్నా, గవర్నమెంటు ఏమన్నా ఇస్తుందా అన్నా?" అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పే మాట: ఇస్తుంది, కానీ చేతికి ఇవ్వదు. మన దగ్గర చిన్న వ్యాపారానికి దొరికే సాయం చాలావరకు బ్యాంకు లోన్‌తో ముడిపడిన సబ్సిడీయే. బ్యాంకు లోన్ ఇస్తేనే సబ్సిడీ. అందుకే పథకాల లిస్టు పట్టుకుని తిరిగే ముందు, బ్యాంకు మేనేజర్ మీకు లోన్ ఇవ్వడానికి ఒప్పుకుంటాడా లేదా అన్నది తేల్చుకోవాలి. చాలామంది దీన్నే చివరికి పెట్టుకుంటారు.

1. ఖర్చు కాగితం మీద పెట్టండి

మిషన్లు, మోటారు, షెడ్, త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్, ప్యాకింగ్, మొదటి మూడు నెలలకు కావలసిన పల్లీలు, నువ్వులు, కూలీలు... అన్నీ రాయండి. స్థలం కొనే ఖర్చు ఈ లెక్కలోకి రాదు. కరెంటు విషయం ముందే కనుక్కోండి. పెద్ద మోటారు కొని తెచ్చాక ఊళ్లో సింగిల్ ఫేజ్ లైనే ఉందని తెలిస్తే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

2. మీకు సరిపడే పథకం ఏది?

కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు ముందు చూడవలసింది ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అందరూ పీఎంఈజీపీ అనేది. 2008 నుంచి నడుస్తోంది. తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల రంగానికి 20 లక్షల దాకా ప్రాజెక్టు ఖర్చు పెట్టుకోవచ్చు. జనరల్ వర్గానికి పల్లెలో 25 శాతం, పట్నంలో 15 శాతం సబ్సిడీ. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, మాజీ సైనికులకు పల్లెలో 35, పట్నంలో 25 శాతం. చేతి నుంచి పెట్టాల్సిన వాటా జనరల్‌కు 10 శాతం, మిగతా వాళ్లకు 5 శాతమే. ఇంటికి ఒక్కరికే ఇస్తారు.

ఒక లెక్క చూద్దాం. పల్లెటూళ్లో ఒక మహిళ 10 లక్షలతో గానుగ మిల్లు పెడుతోంది. తన వాటా 50 వేలు, బ్యాంకు ఇచ్చేది 9.5 లక్షలు, సబ్సిడీ 3.5 లక్షలు. ఈ మూడున్నర లక్షలు ఆమె చేతికి రావు. బ్యాంకులోనే ఆమె పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. దానికి వడ్డీ రాదు, లోన్‌లో అంత మొత్తం మీద బ్యాంకు వడ్డీ వేయదు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తూ ఉంటే ఆ డబ్బు లోన్‌లో జమ అవుతుంది. మధ్యలో మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది, లోన్ మాత్రం మిగులుతుంది.

పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, చిరుధాన్యాల పిండి, నూనె లాంటి తిండి సరుకులైతే పీఎంఎఫ్‌ఎంఈ కూడా చూడాలి. 2020 జూన్‌లో మొదలైన, చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పథకం ఇది. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. కులం, ఊరు అన్న తేడా లేదు, కాకపోతే చేతి వాటా కనీసం 10 శాతం ఉండాలి. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌ను పెంచుకోవడానికీ పనికొస్తుంది. పీఎంఈజీపీ మొదటి లోన్ మాత్రం కొత్త యూనిట్‌కే. ఇంట్లో ఇప్పటికే పచ్చళ్లు చేసి అమ్ముతున్న అక్కలకు నేనైతే పీఎంఎఫ్‌ఎంఈ వైపే మొగ్గుతాను. డ్వాక్రా సంఘాల్లో ఈ పని చేసే సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల దాకా మూలధన సాయం కూడా ఇందులో ఉంది.

కిరాణా కొట్టు, బట్టల షాపు లాంటి కొని అమ్మే వ్యాపారానికి ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే కేంద్ర పథకం అప్పు) ప్రధాన దారి. అందులో సబ్సిడీ లేదు, తాకట్టు అడగరు, అంతే. "ముద్రలో సగం మాఫీ" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ లాంటి 18 చేతివృత్తులకు పీఎం విశ్వకర్మ ఉంది. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల లోన్. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు టీ-ప్రైడ్ కింద పెట్టుబడి సబ్సిడీ ఉంది.

పీఎంఈజీపీ, పీఎంఎఫ్‌ఎంఈ రెండూ 2025-26 దాకా గడువుతో మంజూరైనవి. కాబట్టి అప్లై చేసే ముందు పోర్టల్‌లోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ తాజా పరిస్థితి కనుక్కోండి.

3. బ్యాంకు గుమ్మం ఎక్కండి

మీ ఖాతా ఉన్న బ్రాంచికి, మీ ఊరు ఏ బ్రాంచి పరిధిలోకి వస్తుందో ఆ బ్రాంచికి వెళ్లి ఫీల్డ్ ఆఫీసర్‌తో మాట్లాడండి. అప్లై చేశాక కాదు, ముందే. ఆయన అడిగేవి రెండే: ఈ పని నీకు తెలుసా, నీ సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టావో చూపే స్కోరు) ఎలా ఉంది? ఎప్పుడో ఫోన్ ఈఎంఐ రెండు నెలలు ఎగ్గొట్టి ఉంటే అది ఇప్పుడు బయటపడుతుంది. ఉంటే ముందే కట్టేసి, కట్టినట్టు కాగితం తీసుకోండి. ఒక బ్రాంచిలో మొహం చిట్లిస్తే ఇంకో బ్రాంచి చూసుకోండి. అప్లికేషన్‌లో బ్యాంకు పేరు రాసేది మీరే.

4. కాగితాలు, ముఖ్యంగా పేరు

ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ, చదువు సర్టిఫికెట్, స్థలం లీజు కాగితం, మీది పల్లె అని చూపడానికి పంచాయతీ నుంచి ఊరి జనాభా ధ్రువీకరణ, మిషన్ల కొటేషన్లు. పీఎంఈజీపీలో తయారీ యూనిట్ 10 లక్షలు, సేవల యూనిట్ 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. తిండి సరుకులకు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దానికి రెండు వేలు తీసుకునే నెట్ సెంటర్లున్నాయి, జాగ్రత్త.

మా చెల్లెలి ఫైలు నెలన్నర ఆగింది ఒకే ఒక్క కారణానికి. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్‌లో పొడి అక్షరం, పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు. ముగ్గురూ ఒకరే అని నిరూపించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగాం. ముందే అన్నిట్లో పేరు ఒకటి చేయించుకుంటే ఈ గోల ఉండేది కాదు.

కొటేషన్ డీలర్ జీఎస్టీ నంబరుతో ఉండాలి. "రేటు ఎక్కువేసి బిల్లిస్తా, నీ వాటా మిగులుతుంది" అనే డీలర్లు తగులుతారు. పెరిగిన లోన్‌కు వడ్డీ కట్టేది మీరే, తనిఖీలో దొరికితే తలవంపులూ మీకే.

5. ప్రాజెక్టు రిపోర్టు, అప్లికేషన్

ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ సైట్‌లో నమూనా రిపోర్టులు దొరుకుతాయి. వాటిని చూసి రాసుకోండి, కానీ అంకెలు మీవి పెట్టండి. రోజుకు ఎన్ని కిలోల పల్లీలు ఆడతారు, ఎంత నూనె వస్తుంది, పిండి చెక్క ఎవరికి అమ్ముతారు? ఇది మేనేజర్ అడిగినప్పుడు కాగితం చూడకుండా చెప్పగలగాలి. సీఏ రాసిచ్చిన పాతిక పేజీలు అక్కడ మీ తరఫున మాట్లాడవు.

పీఎంఎఫ్‌ఎంఈ అయితే జిల్లాలో రిసోర్స్ పర్సన్ అని ఒకరుంటారు. రిపోర్టు, అప్లికేషన్, బ్యాంకు పని చూసిపెట్టడం ఆయన బాధ్యత, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. మీరు ఇవ్వనక్కర్లేదు. పీఎంఈజీపీకి పోర్టల్‌లో అప్లై చేస్తే పరిశ్రమల కేంద్రం లేదా ఖాదీ సంస్థ చూసి బ్యాంకుకు పంపుతుంది. అప్లికేషన్ నంబరు రాసిపెట్టుకుని, పది రోజులకోసారి బ్రాంచిలో కనబడుతూ ఉండండి.

6. మంజూరయ్యాక

లోన్ రాకముందే తొందరపడి మిషన్ తెచ్చి నడిపించారంటే మీది పాత యూనిట్ లెక్క అవుతుంది, పీఎంఈజీపీ పోతుంది. మంజూరు లెటర్ వచ్చాక శిక్షణ పూర్తి చేయండి. బ్యాంకు డీలర్‌కే డబ్బు పంపుతుంది. ఈ దశలోనే "మీ సబ్సిడీ రెడీ, ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అని ఫోన్లు వస్తాయి. ఈ పథకాల్లో ఎవరికీ ఫోన్‌పే కొట్టాల్సిన పని లేదు, ఓటీపీ చెప్పాల్సిన పని అసలే లేదు.

బయట పథకం పేరుతో బోర్డు పెట్టండి. మిషన్ల బిల్లులు, కరెంటు బిల్లులు, అమ్మకాల పుస్తకం ఒకే ఫైల్లో ఉంచండి. తనిఖీకి వచ్చిన మనిషి ముందు మిషన్ల మీది నంబర్లే చూస్తాడు, ఆ తర్వాత బిల్లుతో పోల్చుకుంటాడు.