తేనె కేకు రెండు రోజుల ముందే చేసిపెట్టండి
యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకు తేనె కేకు చేస్తున్నారా? పండుగకు రెండు రోజుల ముందే కాల్చిపెట్టండి. తేనె తేమను పట్టి ఉంచుతుంది. దాల్చినచెక్క, లవంగం, శొంఠి ఘాటు నిలవ ఉన్నకొద్దీ కేకంతా పరుచుకుంటుంది. వేడిగా కోస్తే ఆ రుచి రాదు. చల్లారాక గట్టిగా చుట్టి బయటే ఉంచండి, ఫ్రిజ్‌లో వద్దు.

తేనె వల్ల పైభాగం త్వరగా నల్లబడుతుంది. అందుకే ఓవెన్‌ను 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి నిదానంగా కాల్చాలి. కొలత కప్పుకు ముందు నూనె రాస్తే తేనె అంటుకోకుండా జారిపోతుంది. వెన్న బదులు నూనె వాడటమే మేలు: మాంసంతో పాల పదార్థాలు కలపకూడదన్న కోషర్ (యూదుల ఆహార ఆచారం) నియమం ఉంది కదా, నూనె కేకైతే మాంసం వడ్డించిన విందులోనూ నిశ్చింతగా తినవచ్చు. పిండిలో నీళ్లకు బదులు చిక్కటి కాఫీ డికాక్షన్ పోయండి. అది లేని తేనె కేకు నాకు ఉత్త తీపిగానే అనిపిస్తుంది.