హెడ్డు దించకుండా వాల్వ్ సీల్స్ మార్చాలంటే: చెయ్యి పెట్టే ముందు

పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ గుప్పున వచ్చి కాసేపటికి ఆగిపోతోందా? బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి, మళ్లీ కదిలేటప్పుడు ఇంకోసారి కనిపిస్తోందా? అయితే అనుమానం వాల్వ్ సీల్స్ మీదే, అంటే వాల్వ్ కాడ వెంట ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు సీల్స్ మీదే. బండి లాగుతున్నంతసేపూ పొగ ఆగకపోతే మాత్రం పిస్టన్ రింగులు చూడాలి. కంప్రెషన్ తక్కువున్న సిలిండర్‌లో ప్లగ్ రంధ్రం నుంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ బాగా పెరిగిందంటే రింగులు అరిగినట్టే, సీల్స్ మార్చినా డబ్బు దండగ. పీసీవీ వాల్వ్ (ఇంజన్ కింది భాగంలోని ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది) మూసుకుపోయినా ఆయిల్ కాలుతుంది. దాని ఖర్చు కొంచెమే కాబట్టి ముందు దాన్నే చూసుకోండి.

సామానంతా చేతిలోకి వచ్చాకే కవర్ విప్పండి. ఎనిమిది వాల్వులుంటే ఎనిమిది సీల్స్, పదహారుంటే పదహారు. ఇన్‌టేక్‌వి, ఎగ్జాస్ట్‌వి వేరువేరుగా ఉండే ఇంజన్లున్నాయి, రంగు చూసి కలిపేయకండి. వాల్వ్ కవర్ గాస్కెట్ కొత్తది తెచ్చుకోండి, వాల్వ్ లాకులు (స్ప్రింగ్‌ని వాల్వ్ కొనకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) రెండు మూడు జతలు అదనంగా పెట్టుకోండి. ఆదివారం పని పెట్టుకుని మధ్యాహ్నం ఒక లాకు పోగొట్టుకుంటే, ఆటోనగర్‌లో షాపు తెరిచేదాకా ఇంజన్ నోరు తెరుచుకునే ఉంటుంది.

అసలు ప్రమాదం ఒక్కటే. స్ప్రింగ్ తీశాక వాల్వ్‌ని పట్టుకునేది ఏదీ ఉండదు. పిస్టన్ పైన ఉంటే జారినా కొన్ని మిల్లీమీటర్లు దిగి దాని మీద ఆగుతుంది. పిస్టన్ కింద ఉంటే నేరుగా సిలిండర్‌లో పడుతుంది, అప్పుడిక హెడ్డు దించక తప్పదు. అందుకే ఏ సిలిండర్ మీద పని చేస్తున్నా దాని పిస్టన్ పై చివర, అంటే టీడీసీలో, ఉండాలి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 1, 4 కలిసి పైకొస్తాయి, 2, 3 కలిసి వస్తాయి.

వాల్వ్‌ని పైకి నొక్కిపెట్టడానికి గాలి వాడొచ్చు, తాడూ వాడొచ్చు. గాలైతే ప్లగ్ రంధ్రానికి అడాప్టర్ బిగించి 80 నుంచి 100 పీఎస్ఐ ఇవ్వాలి. టైర్లలో గాలి నింపే 12 వోల్టుల చిన్న పంపు దీనికి సరిపోదు. పిస్టన్ సరిగ్గా టీడీసీలో లేకపోతే గాలి తగలగానే క్రాంక్ గిర్రున తిరుగుతుంది. క్రాంక్ బోల్టుకి పానా వదిలేసి ఉంటే అది మోచేతికి తగులుతుంది. పానా తీశాకే గాలి ఇవ్వండి. వేసవిలో ఇంకో చిక్కుంది. స్ప్రింగ్ విప్పాక కరెంటు పోతే, రింగుల సందుల్లోంచి కారే గాలికి కంప్రెసర్ ట్యాంకు ఎంతోసేపు ఆగదు.

కరెంటు నమ్మకం లేని చోట తాడే నయం. 6 నుంచి 8 మిల్లీమీటర్ల నైలాన్ తాడు, పోగులు రాలనిది తీసుకోండి. బయట ఉండే కొసకు ముడి వేయండి. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ సగం దూరంలో ఉండగా తాడు లోపలికి తోసి, క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ బిగుసుకునేదాకా తేవాలి. ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో ఈ పని చేస్తే తెరిచి ఉన్న వాల్వ్ కింద తాడు ఇరుక్కుని వాల్వ్ వంగిపోతుంది. ఆ సిలిండర్ వాల్వులన్నీ మూసుకున్నాయో లేదో కళ్లతో చూసి, తర్వాతే తోయండి.

క్యామ్ (వాల్వుల్ని నొక్కి తెరిచే షాఫ్ట్) దించాల్సిన ఇంజన్‌లో టైమింగ్ గుర్తులకు పెయింట్ చుక్క పెట్టి, చైన్‌ని తీగతో పైకి కట్టేయండి. కింద పడితే ఇంజన్ ముందువైపు కవర్ కూడా విప్పాల్సి వస్తుంది. క్యామ్ క్యాపులకు నంబర్లు రాసుకుని, కొంచెం కొంచెంగా వదులు చేయండి.

లాకు విప్పే ముందు హెడ్డులో ఆయిల్ దిగే ప్రతి రంధ్రాన్నీ శుభ్రమైన గుడ్డతో మూసి, ఎన్ని గుడ్డలు పెట్టారో కాగితం మీద రాసుకోండి. ఉక్కపోస్తోందని టేబుల్ ఫ్యాన్ పెట్టకండి, దుమ్మంతా ఇంజన్‌లోకే పోతుంది. పాత లాకులు రిటైనర్‌కి, అంటే స్ప్రింగ్ పైనుండే బిళ్లకి, అతుక్కుని ఉంటాయి. సాకెట్ ఆనించి ప్లాస్టిక్ సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే వదులుతాయి. లాకుల్ని అయస్కాంతంతోనే ఎత్తండి, కళ్లద్దాలు తప్పనిసరి.

పాత సీల్ తీశాక వాల్వ్‌ని పక్కకి ఊపి చూడండి. గైడ్‌లో (వాల్వ్ కాడ కదిలే గొట్టంలో) కొట్టుకుంటుంటే కొత్త సీల్ కూడా ఎక్కువ రోజులు నిలవదు. గైడ్ పని లేత్ షాపుదే.

కొత్త సీల్ పాడయ్యేది ఎక్కువగా బిగించేటప్పుడే. వాల్వ్ కొనలో లాకు కూర్చునే గాడి అంచు కత్తిలా ఉంటుంది, రబ్బరు పెదవి దాని మీదుగా దిగితే కోసుకుపోతుంది. కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ తొడుగు తొడిగి, ఇంజన్ ఆయిల్ రాసి దించండి. సీల్ లోహపు అంచు మీద ఆనే లోతైన సాకెట్‌తో, గైడ్ మీద గట్టిగా కూర్చున్నట్టు చేతికి తెలిసేదాకా నొక్కండి. సుత్తితో బాదితే సీల్ ఆకారమే పోతుంది.

అన్నీ బిగించాక గుడ్డలు లెక్కపెట్టి తీసేయండి. ప్లగ్గులు లేకుండానే క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా టైమింగ్ మళ్లీ చూడండి. ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) సరిచూశాకే స్టార్టర్ కొట్టండి.

మొదట్లో కొంచెం పొగ వస్తుంది, సైలెన్సర్‌లో ఉన్న పాత ఆయిల్ కాలాలి కదా. డిప్‌స్టిక్ మీద మట్టం రాసిపెట్టుకుని, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.