అమ్మానాన్నల్ని చిన్న కేర్ హోమ్‌లో చేర్చేముందు ఏం చూడాలి, ఏం అడగాలి

నేను ఫిజియోథెరపిస్టుని. హైదరాబాదులో సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్, మల్కాజిగిరి, అల్వాల్ వైపు ఉన్న కేర్ హోమ్‌లకు వెళ్ళి పెద్దవాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంటాను. వీటిలో ఎక్కువ భాగం పెద్ద భవనాలు కావు. కాలనీలో ఒక ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకు తీసుకుని, గదికి రెండో మూడో మంచాలు వేసి, ఎనిమిది నుంచి పదిహేను మంది దాకా చూసుకునే ఇళ్ళు. ఒక వంటమనిషి, ఇద్దరు ముగ్గురు ఆయాలు, ఒక మగ అటెండెంట్, పగటిపూట ఒక సిస్టర్, అందరి మీదా ఒక మేడమో సారో ఉంటారు. "మా అమ్మను ఇలాంటి చోట చేర్చవచ్చా మేడమ్?" అని అడిగేవాళ్ళకు నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

చిన్న ఇంట్లో మంచికీ చెడుకీ మూలం ఒకటే, మనుషులు తక్కువగా ఉండటం. తక్కువమంది కాబట్టే మీ అమ్మ పేరు, ఆవిడ అలవాట్లు అందరికీ తెలుస్తాయి. తక్కువమంది కాబట్టే ఒక ఆయా చెప్పకుండా ఊరెళ్ళిపోతే ఆ వారమంతా స్నానాలు కూడా సరిగ్గా జరగవు. అందుకే ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గోడల రంగులూ సోఫాలూ చూసి నిర్ణయించుకోకండి. ఏ పూట ఎవరుంటారో, ఎవరు లేకపోతే వాళ్ళ పని ఎవరు చేస్తారో అడగండి. మిగతా ప్రశ్నలన్నీ ఇందులోంచే వస్తాయి.

ముందు మీవాళ్ళకు ఏం అవసరమో చూసుకోవాలి. స్నానానికీ బాత్రూమ్‌కీ ఒకరి చెయ్యి కావాలి, మందులు వేళకు ఇవ్వాలి, అంతకుమించి జబ్బు నిలకడగానే ఉంది అనుకోండి, చిన్న ఇల్లు బాగా సరిపోతుంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు, తుంటి ఎముక ఆపరేషన్ అయినవాళ్ళు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వల్ల పెద్ద గొడవగా ఉండే చోట బెదిరిపోయేవాళ్ళు ఇలాంటి ఇళ్ళలో కుదురుకోవడం చూశాను. గొంతుకు ట్యూబ్ ఉండి మాటిమాటికీ కఫం తీయాల్సినవాళ్ళు, తరచూ ఫిట్స్ వచ్చేవాళ్ళు, లోతైన పడక పుండ్లు ఉన్నవాళ్ళు మాత్రం 24 గంటలూ నర్సు ఉండే చోటే ఉండాలి. "మేం అన్నీ చూసుకుంటాం" అని చిన్న ఇంటివాళ్ళు భరోసా ఇచ్చినా సరే ఒప్పుకోకండి.

చిన్న ఇంటి అసలు బలం ఏమిటో ఒక్క ఉదాహరణతో చెప్తాను. డిమెన్షియా ఉన్న ఒక బామ్మగారు ఒకరోజు పొద్దున కాఫీ సగం వదిలేశారు. "మామ్మ ఇవాళ వేరేగా ఉంది, రోజూ నన్ను పిలిచే పేరుతో పిలవలేదు" అని ఆయా మేడమ్‌తో చెప్పింది. జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది. అయినా యూరిన్ టెస్ట్ చేయిస్తే ఇన్ఫెక్షన్ బయటపడింది. పెద్దవయసులో యూరిన్ ఇన్ఫెక్షన్ చాలాసార్లు జ్వరం లేకుండానే, హఠాత్తుగా వచ్చే తికమకతో మొదలవుతుంది. రోజూ అదే మనిషిని లేపి, తల దువ్వి, కాఫీ ఇచ్చే ఆయాకే అది కనిపిస్తుంది. వారానికో కొత్త ఆయా మారే చోట ఎవరికీ కనిపించదు. కాబట్టి ఆయాలనే నేరుగా అడగండి: "నువ్వు ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావమ్మా?" అని. ఏడాది దాటినవాళ్ళు ఇద్దరు కనిపించినా మంచి గుర్తే.

తిండి విషయంలోనూ చిన్న ఇంటికి వెసులుబాటు ఉంటుంది. ఒకరికి కారం తగ్గించి, ఇంకొకరికి అన్నం పప్పు మెత్తగా మెదిపి పెట్టగలరు. మింగడం కష్టమైనవాళ్ళకు పలచటి నీళ్ళు, మజ్జిగ పొరపోయే ప్రమాదం ఎక్కువ. పడుకోబెట్టి తినిపిస్తే మరీ ప్రమాదం. "తిన్నాక ఎంతసేపు కూర్చోబెడతారు?" అని అడిగి చూడండి. అరగంటైనా కూర్చోబెడతాం అని ఆయా నోటి నుంచే వస్తే, అక్కడ ఎవరో శ్రద్ధగా నేర్పించినట్టు.

ఇక రాత్రి సంగతి. చిన్న ఇళ్ళ బలహీనత అంతా రాత్రి ఎనిమిది దాటాకే బయటపడుతుంది. చాలాచోట్ల పగలంతా పనిచేసిన ఆయానే హాల్లో చాప వేసుకుని పడుకుంటుంది, అదే నైట్ డ్యూటీ. ఒక లెక్క వేసి చూడండి. పడక పుండ్లు రాకుండా మంచం పట్టినవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పి, దిండ్లు సర్ది, డైపర్ చూడటానికి మనిషికి పది నిమిషాలైనా పడుతుంది. అలాంటివాళ్ళు నలుగురుంటే ప్రతి రెండు గంటల్లో నలభై నిమిషాలు దానికే పోతుంది. మధ్యలో బాత్రూమ్‌కి లేచేవాళ్ళు వేరు. పగలు పనిచేసి అలిసిపోయిన ఒక్క మనిషి ఇది రాత్రంతా చేయలేదు, చేయమనడం ఆ అమ్మాయికీ అన్యాయమే. పైగా బరువైన మనిషిని ఒక్కరే తిప్పబోతే చర్మం పరుపుకు రాపిడై లేచిపోతుంది. రాత్రికి విడిగా మనిషి ఉన్నారా, ఆ మనిషి పగలు పడుకుంటున్నారా అని తప్పకుండా అడగాలి. "ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) వేశాం కదా" అంటారు. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం మానకూడదు. కరెంటు పోతే ఆ పంపు ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో కూడా కనుక్కోండి.

సరిగ్గా తిప్పుతున్నారో లేదో చేర్చాక మీరే పరీక్షించుకోవచ్చు. చూడటానికి వెళ్ళినప్పుడు మడమలు, నడుము కింద తోక ఎముక దగ్గర చర్మం చూడండి. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడి, వదిలాక మళ్ళీ రంగు రావాలి. తెల్లబడకపోతే అక్కడ పుండు మొదలవుతున్నట్టే. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో తాకి చూడాలి. కళ్ళజోడు శుభ్రంగా ఉందా, చెవి మిషన్ పెట్టుకున్నారా లేక డ్రాయర్లో ఉందా, కట్టుడు పళ్ళు నోట్లో ఉన్నాయా, గోళ్ళు తీశారా, మంచినీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా అన్నవి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

నా మనసుకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది నడక విషయం. వాకర్ పట్టుకుని తనంతట తాను బాత్రూమ్‌కి వెళ్ళే మనిషి కేర్ హోమ్‌లో చేరతారు. మొదటి రోజు నుంచే "లేవకండి, పడిపోతారు" అంటారు. రాత్రికి డైపర్ వేస్తారు, కొన్నాళ్ళకు పగలు కూడా వేస్తారు. కొద్ది వారాల్లోనే పిక్కలు సన్నబడతాయి, మోకాళ్ళు బిగుసుకుంటాయి, కుర్చీలోంచి లేవడమే గగనమైపోతుంది. అప్పుడు "వయసు మీద పడింది కదా" అనుకుంటారు అందరూ. చాలాసార్లు అది వయసు చేసిన పని కాదు, మంచం చేసిన పని. ఆయాల భయంలోనూ న్యాయం ఉంది. పెద్దాయన పడితే మొదట తిట్లు తినేది వాళ్ళే. అందుకే మాట ఇవ్వాల్సింది మీరు. "రోజూ నడిపించండి, మనిషి పక్కన ఉండి జాగ్రత్తగా నడిపించినప్పుడు పడితే మిమ్మల్ని అనం" అని మేడమ్‌కి కాగితం మీద రాసివ్వండి. భోజనం మంచం దగ్గరికి తేకుండా మూడుపూటలా బల్ల దగ్గరికి నడిపించమనండి. మనిషిని పట్టుకోవడానికి నడుముకు కట్టే బెల్టు ఒకటి కొనివ్వండి, చంక కింద చెయ్యి వేసి లాగితే భుజం దెబ్బతింటుంది.

చేర్చే రోజు ఫోన్లో ఒక చిన్న వీడియో తీసిపెట్టుకోండి. కుర్చీలోంచి లేచి, గుమ్మం దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడం చాలు. నెలనెలా అదే కుర్చీ, అదే గుమ్మం పెట్టి మళ్ళీ తీయండి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి మాటా వినక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది. బరువు కూడా నెలనెలా రాయించండి.

ఇదే సందర్భంలో నిద్రమాత్రల గురించీ చెప్పాలి. సాయంత్రం కాగానే "ఇంటికి పోతా" అని తలుపు దగ్గరికి వెళ్ళే డిమెన్షియా పేషెంట్లకు మత్తు మందు ఇచ్చి పడుకోబెట్టే ఇళ్ళున్నాయి. ఏ మందు, ఎంత మోతాదు, ఏ డాక్టరు రాశారు అన్నది ప్రిస్క్రిప్షన్‌తో చూపించమనండి. హాస్పిటల్ ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో లేని మాత్ర ఇప్పుడు ఇస్తున్నారంటే కారణం చెప్పాల్సిందే.

ఇంటి కట్టుబడి మీద ఎక్కువ చెప్పను. మీవాళ్ళ గది కిందే ఉండాలి, లిఫ్ట్ లేని పైఅంతస్తు వద్దు. బాత్రూమ్ గుమ్మం ఎత్తుగా ఉండకూడదు. తలుపు బయటికి తెరుచుకుంటే మేలు, లోపలికి తెరుచుకునేదైతే పడినవాళ్ళే తలుపుకు అడ్డమై సాయం లోపలికి వెళ్ళలేదు. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ పక్షవాతం పేషెంటుకు బాగున్న చెయ్యి వైపు ఉండాలి. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి.

చిన్న ఇంటికున్న ఇంకో లోటును పిల్లలు ముందుగా ఊహించరు, అది మాట్లాడే తోడు లేకపోవడం. పది మందిలో ఆరుగురికి మాట రాదు, ఇద్దరికి చెవులు వినపడవు అనుకోండి. జ్ఞాపకశక్తి చక్కగా ఉండి, పేపరు చదివి దాని గురించి మాట్లాడాలనుకునే టీచరుగారు అక్కడ చేరితే ఎవరితో మాట్లాడతారు? అలాంటివాళ్ళు ఊరి చివర ఉన్న పెద్ద సీనియర్ లివింగ్ సముదాయాల్లోనే సంతోషంగా ఉంటారు. చేర్చే ముందు ఒక సాయంత్రం హాల్లో గంటసేపు కూర్చుని, మాట కలపగలిగేవాళ్ళు ఎందరున్నారో చూడండి. భాష కూడా గమనించండి. చాలా ఇళ్ళలో అటెండెంట్లు ఒడిశా, జార్ఖండ్ వైపు నుంచి వస్తారు, మనసున్నవాళ్ళే. కానీ డిమెన్షియా ముదిరినకొద్దీ తర్వాత నేర్చుకున్న హిందీ, ఇంగ్లీషు ముందు పోయి తెలుగు ఒక్కటే మిగలవచ్చు. కనీసం ప్రతి షిఫ్టులో ఒక్కరికైనా తెలుగు రావాలి.

అత్యవసరం వస్తే ఏం చేస్తారో పైపైన కాదు, ఒక్కో పనీ వరసగా చెప్పించుకోండి. 108కి ఫోన్ ఎవరు చేస్తారు, ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, అంబులెన్సులో ఎవరు ఎక్కుతారు, ఆ ఆయా ఎక్కేస్తే ఇంట్లో మిగతావాళ్ళ దగ్గర ఎవరుంటారు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది ఆగిపోతారు. మేడమ్ ఊళ్ళో లేనప్పుడు నిర్ణయం ఎవరిదో కూడా పేరుతో చెప్పాలి. డెబ్భై దాటినవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించి ఒక కాపీ అక్కడ ఇవ్వండి. ఏడాదికి 5 లక్షల దాకా హాస్పిటల్ చికిత్సకు పనికొస్తుంది. కేర్ హోమ్ నెల ఫీజుకు మాత్రం అది వర్తించదు.

ఫీజు దగ్గర మొదటి అంకె విని ఆగకండి. డైపర్లు, గ్లౌజులు, డాక్టరు విజిట్, ఫిజియోథెరపీ, ఆక్సిజన్, విడిగా అటెండెంట్, ఇవన్నీ చాలాచోట్ల అదనం. పోయిన నెల ఒకరికి వేసిన అసలు బిల్లు, పేరు కనిపించకుండా చేసి చూపించమనండి. లక్షల్లో డిపాజిట్ అడిగే చిన్న ఇంటికి వెళ్ళకండి. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ ఖాళీ చేయమంటే, కాలనీవాళ్ళు అభ్యంతరం చెబితే ఇల్లు మారాల్సి వస్తుంది, కొన్నిసార్లు మూసేయాల్సి వస్తుంది. అప్పుడు డిపాజిట్ వెంటపడటం ఒక కష్టం, మంచంలో ఉన్న మనిషికి కొత్త చోటు వెతకడం ఇంకో కష్టం. ఖాళీ చేయాలంటే కనీసం నెల ముందు చెప్పాలని ఒప్పందంలో రాయించండి. పెద్దవాళ్ళ పట్ల దురుసుతనమో నిర్లక్ష్యమో కనిపిస్తే 14567 ఎల్డర్‌లైన్ నంబరుంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే పిల్లలు వీడియో కాల్ ఒక్కటే నమ్ముకోవద్దు. చెప్పిన టైముకి తల దువ్వి, బొట్టు పెట్టి కూర్చోబెట్టడం ఎవరైనా చేస్తారు. చెప్పకుండా వెళ్ళి చూసే పిన్నో బావగారో ఊళ్ళో ఒకరుండాలి.

ఇల్లు నచ్చాక మొదట నెలరోజులకే ఒప్పుకోండి. "హాస్పిటల్‌కి వెళ్దాం" అని చెప్పి తీసుకెళ్ళి వదిలి రావద్దు. అలా వచ్చినవాళ్ళు నాతో కూడా మాట్లాడరు, వ్యాయామం చేయరు, కోపం అన్నం మీద చూపిస్తారు. వీలైతే ముందే ఒకసారి తీసుకెళ్ళి, మంచం, కిటికీ వాళ్ళనే ఎంచుకోనివ్వండి. మొదటి రెండు వారాలు ఏడవడం, ఇంటికి తీసుకెళ్ళమనడం మామూలే, దాన్నిబట్టి ఇల్లు మంచిది కాదనుకోకండి. ఒళ్ళు తగ్గడం, ఆయా దగ్గరికి రాగానే ముడుచుకుపోవడం, పగలంతా మత్తుగా ఉండటం కనిపిస్తే మాత్రం వెంటనే ఇంటికి తీసుకొచ్చేయండి.

వెళ్ళేటప్పుడు సామానుతోపాటు ఒక కాగితం రాసివ్వండి. ఏమని పిలిస్తే పలుకుతారు, కాఫీలో చక్కెర ఎంత, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, రాత్రి ఎన్నింటికి బాత్రూమ్‌కి లేస్తారు, ఏ మోకాలు నొప్పి, ఏ దేవుడి పాట పెడితే నెమ్మదిస్తారు, ఎవరి పేరు ఎత్తితే ఏడుస్తారు. పెద్ద అక్షరాలతో తెలుగులోనూ, తెలుగు రాని అటెండెంట్ల కోసం హిందీలోనూ రాసి, మంచం పక్క గోడకు అంటించమనండి. ఆయాలు మారినప్పుడల్లా ఆ కాగితం ఇంకా అక్కడే ఉందో లేదో చూసి, కొత్తమ్మాయికి మీరే దగ్గరుండి చదివి చెప్పండి.