మైనస్ ఇన్ఫినిటీ దగ్గర తప్పిన లెక్క

√(ఎక్స్² + ఎక్స్) + ఎక్స్. ఎక్స్ మైనస్ ఇన్ఫినిటీ వైపు వెళ్తుంటే దీని లిమిట్, అంటే ఇది దగ్గరవుతూ పోయే విలువ, ఎంత? రెండు రోజులు ఈ ఒక్క లెక్క నన్ను వదల్లేదు.

సున్నా దగ్గర లెక్కలు నాకు బాగానే వచ్చేవి. √(ఎక్స్ + 9) − 3 ని ఎక్స్‌తో భాగించి లిమిట్ కనుక్కోమంటే, పైనా కిందా మధ్య గుర్తు మార్చిన √(ఎక్స్ + 9) + 3 తో, అంటే కాంజుగేట్‌తో గుణించి, ఎక్స్ కొట్టేసి, 1/6 అని రాసేసేదాన్ని. ఇక్కడా అదే చేశాను. లవంలో ఎక్స్ మిగిలింది, హారంలో √(ఎక్స్² + ఎక్స్) − ఎక్స్. వర్గమూలంలోంచి ఎక్స్ బయటికి తీసి కొట్టేస్తే హారం √(1 + 1/ఎక్స్) − 1 అయింది. అది సున్నా వైపు పోతుంది కాబట్టి లిమిట్ లేదనుకున్నాను.

అయినా అనుమానం తీరలేదు. క్యాలిక్యులేటర్‌లో ఎక్స్ బదులు −100 పెట్టి చూశాను. √9900 అంటే దాదాపు 99.4987, అందులోంచి 100 తీసేస్తే −0.5013. −1000 పెడితే −0.5001!

తప్పు అప్పుడు దొరికింది. √(ఎక్స్²) అంటే ఎక్స్ కాదు, ఎక్స్ పరమ మూల్యం, అంటే మైనస్ గుర్తు తీసేసిన విలువ. ఎక్స్ రుణ సంఖ్య అయితే అది −ఎక్స్. వర్గమూలం గుర్తు ఎప్పుడూ రుణ విలువ ఇవ్వదు కదా. ఆ ఒక్క గుర్తు మార్చగానే హారం −ఎక్స్(√(1 + 1/ఎక్స్) + 1) అయింది, ఎక్స్ పోయి −1/2 వచ్చింది.

ఇప్పుడైతే ముందే ఎక్స్ = −టీ అని పెట్టుకుంటాను. టీ ధన సంఖ్య కాబట్టి √(టీ²) అంటే టీయే. ఒక లైను ఎక్కువ రాయాలి, కానీ గుర్తుల టెన్షన్ ఉండదు.