ప్రపంచ యుద్ధాల్లో దేశంకాని దేశంలో పోయిన సిపాయి వివరాలు రాబట్టడం ఎలా

మీ ఇంట్లో ముత్తాత బస్రాలో పోయాడనో, బర్మాలో పోయాడనో చెప్పుకుంటుంటే ముందు ఆయన సర్వీసు నంబరు పట్టుకోండి. పేరుతో మొదలుపెడితే తేలదు. మద్రాసు పటాలాల్లో వెంకటస్వాములు, అప్పలస్వాములు కొల్లలు, పైగా చాలామందికి ఇంటిపేరే కనపడదు.

మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ ఉంటే దాని అంచు చూడండి. నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ ఉంటాయి. చింతపండు పెట్టి తోమారో, అక్షరాలు అరుగుతాయి. పక్కనుంచి వెలుతురు పడేట్టు పెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ ఫొటోలు తీయండి. మృతుల కుటుంబాలకు పంపిన 12 సెం.మీ. కంచు ఫలకం మీద మాత్రం పేరొక్కటే ఉంటుంది. నంబరు దొరికినా పటాలంతో కలిపే వాడాలి, ఒకే నంబరు వేర్వేరు పటాలాల్లో వేర్వేరు మనుషులకు ఉండేది.

తర్వాత, యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు. వెతకడం ఉచితం. 4-8-1914 నుంచి 31-8-1921 వరకూ, 3-9-1939 నుంచి 31-12-1947 వరకూ సర్వీసులో ఉండి చనిపోయినవాళ్లు అందులో ఉంటారు, జబ్బు చేసి పోయినా సరే. స్వామి, సామి ఇలా స్పెల్లింగులు మార్చి చూడండి. తండ్రి పేరు, ఊరు రాసి ఉంటే అదృష్టమే, కానీ ఊళ్లన్నీ పాత పేర్లతో ఉంటాయి: శ్రీకాకుళం అంటే చికాకోల్, కాకినాడ అంటే కోకనాడ, ఏలూరు అంటే ఎల్లోర్. చికాకోల్ 1936 దాకా గంజాం జిల్లాలోది, ఆ తర్వాత వైజాగపటం జిల్లాలోకి వచ్చింది. యుద్ధాన్ని బట్టి జిల్లా కూడా మార్చుకోవాలి.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడ: స్మారకం ఉన్నచోటే చనిపోయాడనుకుంటారు. బస్రా స్మారకం మెసపటేమియా (ఇప్పటి ఇరాక్) మొత్తంలో సమాధి తెలియని 40,000 మందికి పైగా మనుషులది. అందులోనూ మామూలు భారతీయ సిపాయిల పేర్లు రాతి మీద చెక్కలేదు, పటాలం కింద సంఖ్య మాత్రమే వేశారు. ఫలకం ఫొటోలో పేరు కనపడలేదని ఆగిపోకండి, కమిషన్ రిజిస్టరు చూడండి. బర్మాలో పోయినవాళ్లకు తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం అలాంటిదే, దాదాపు 27,000 పేర్లు.

అసలు చోటు తేలాలంటే పటాలం వార్ డైరీ, అంటే యుద్ధంలో పటాలం రోజువారీ రాసుకున్న పుస్తకం, చదవాలి. మొదటి యుద్ధానివి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరుసలో ఉన్నాయి. అధికారుల పేర్లు రాస్తారు, సిపాయిలైతే తరచు ‘ఇద్దరు మృతి’ అన్న లెక్కే. మరణ తేదీకి ముందు వారం కూడా చదవండి. ఆ రోజుల్లో పోరు ఏదీ లేకపోతే గాయంతోనో, జబ్బుతోనో ఆసుపత్రిలో పోయి ఉండవచ్చు, అప్పుడు పటాలం మకాం ఒకచోట, ఆయన ప్రాణం పోయింది మరోచోట.

రెండో యుద్ధం సిపాయి అయితే పటాలం రికార్డు ఆఫీసుకే ఉత్తరం రాయండి. మద్రాస్ శాపర్లకు (సైన్యంలో ఇంజనీరింగు దళం) బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్. నంబరు, తండ్రి పేరు, పాత తాలూకా, జిల్లా రాసి, పతకం అంచు ఫొటో జత చేయండి.